సర్వర్ కెర్నెలా, డెస్క్‌టాప్ కెర్నెలా? మీ మెషీన్‌కి ఏది కావాలో తేల్చుకునే పద్ధతి

కెర్నెల్ అంటే లినక్స్‌లో అన్నిటికీ అడుగున ఉండి, హార్డ్‌వేర్‌నీ ప్రోగ్రాములనీ నడిపించే భాగం. విశాఖలో లినక్స్ గురించి అడిగేవాళ్లలో చాలామందికి ఒకే సందేహం ఉంటుంది. ద్వారకానగర్‌లో సెకండ్ హ్యాండ్ ఆఫీసు కంప్యూటర్ ఒకటి కొని ఉంటారు. దాన్ని షాపులో బిల్లింగ్ కోసం రాత్రీ పగలూ ఆన్‌లోనే ఉంచాలి. "మరి దీనికి సర్వర్ కెర్నెల్ వెయ్యాలి కదండీ?" అంటారు. ఇంకొకరు వచ్చి, లాప్‌టాప్ బాగా నెమ్మదించిందని, సర్వర్ కెర్నెల్ వేస్తే తేలికపడుతుందని ఎవరో చెప్పారని అంటారు. ఇద్దరికీ నేను ముందు చెప్పే మాట ఒకటే. కెర్నెల్ పేరు పక్కన పెట్టి, ఆ మెషీన్ రోజంతా ఏం పని చేస్తుందో చూడండి. ఇప్పటి లినక్స్‌లో చాలా పనులకు మీ డిస్ట్రో (ఉబుంటు, ఫెడోరా, డెబియన్ లాంటి లినక్స్ కూర్పు) ఇచ్చే మామూలు కెర్నెలే సరిపోతుంది. మార్చక తప్పని సందర్భాలు కొన్ని ఉన్నాయి. వాటిని ఎలా గుర్తుపట్టాలో, మార్చాలంటే మెషీన్ ఆగిపోకుండా ఎలా మార్చాలో వరసగా చెబుతాను.

కమాండ్లన్నీ పలికినట్టే తెలుగు లిపిలో రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. కాన్ఫిగ్, గ్రబ్ ఫైళ్ల లోపల ఉండే సెట్టింగ్ పేర్లు మాత్రం పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి.

ముందు ఎడిషన్‌నీ కెర్నెల్‌నీ విడదీసి చూడండి

ఉబుంటు సర్వర్ ఎడిషన్ వేస్తే పాత కంప్యూటర్ కూడా చురుగ్గా నడుస్తుంది. అది నిజమే. కానీ ఆ చురుకు కెర్నెల్ వల్ల వచ్చింది కాదు. సర్వర్ ఎడిషన్‌లో గ్నోమ్ లాంటి గ్రాఫికల్ డెస్క్‌టాప్ ఉండదు, అది తినే మెమరీ మిగులుతుంది, అంతే. కింద పనిచేసేది రెండు ఎడిషన్లలోనూ జనరిక్ అనే రకం కెర్నెలే. ఫెడోరా కూడా వర్క్‌స్టేషన్‌కీ సర్వర్‌కీ ఒకే కెర్నెల్ ఇస్తుంది. మీకు కావలసింది తేలికైన మెషీన్ అయితే కెర్నెల్ జోలికి పోకుండా ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్ఎక్స్‌క్యూటీ లాంటి చిన్న డెస్క్‌టాప్ వేసుకోండి. తేడా అప్పటికప్పుడే తెలుస్తుంది.

మరి సర్వర్ కెర్నెల్ అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది? ఒకప్పుడు ఉబుంటులో నిజంగానే రెండు వేర్వేరు కెర్నెళ్లు ఉండేవి. సర్వర్ రకంలో టైమర్ సెకనుకు 100 సార్లు కొట్టేది, డెస్క్‌టాప్ రకంలో 250 సార్లు. సర్వర్‌లో ప్రియెంప్షన్ ఆపేసి ఉండేది. డిస్క్ పనుల వరసను సర్వర్‌లో డెడ్‌లైన్ అనే షెడ్యూలర్ చూసుకునేది, డెస్క్‌టాప్‌లో సీఎఫ్‌క్యూ చూసుకునేది. 2012లో వచ్చిన 12.04 నుంచి ఆ సర్వర్ రకాన్ని జనరిక్‌లో కలిపేశారు. ఆ తర్వాత పుట్టిన సలహాల్లో కూడా పాత మాటే ఇంకా తిరుగుతోంది. అందుకే ఈ గందరగోళం.

ప్రియెంప్షన్ అంటే ఏమిటో ఇక్కడే అర్థం చేసుకుంటే మిగతాదంతా సులువు. ఎంవీపీ కాలనీ రైతుబజారులో ఒక కూరగాయలాయన పెళ్లి వంటకని పెద్ద లిస్టు తూకం వేస్తున్నాడనుకోండి. ఈలోగా ఒకావిడ వచ్చి కొత్తిమీర కట్ట ఒక్కటి అడిగింది. ఆయన తూకం మధ్యలో ఆపి కొత్తిమీర ఇస్తే ఆవిడ వెంటనే వెళ్లిపోతుంది, లిస్టు మాత్రం కాస్త ఆలస్యమవుతుంది. లిస్టు పూర్తయ్యేదాకా తలెత్తకపోతే పెద్ద బేరం త్వరగా తెముల్తుంది, ఆవిడ నిలబడి ఉంటుంది. కెర్నెల్ తన సొంత పనిలో ఉన్నప్పుడు మధ్యలో ఆగి, అత్యవసరంగా వచ్చిన పనికి దారి ఇస్తుందా లేదా అన్నదే ప్రియెంప్షన్. డెస్క్‌టాప్ మీద మౌస్, వీడియో, ఆడియో కొత్తిమీర బేరాలు. డేటాబేస్ బ్యాకప్, ఫైల్ కాపీ పెద్ద లిస్టులు. పాత రోజుల్లో సర్వర్ కెర్నెల్ పెద్ద లిస్టు వైపు మొగ్గేది, డెస్క్‌టాప్ కెర్నెల్ చిన్న బేరం వైపు.

టైమర్ సంగతి కూడా ఇలాంటిదే. 100 హెర్ట్జ్ అంటే కెర్నెల్ 10 మిల్లీసెకన్లకోసారి గడియారం చూసుకుంటుంది, 250 అయితే 4 మిల్లీసెకన్లకు, 1000 అయితే 1 మిల్లీసెకనుకు. ఎక్కువసార్లు చూస్తే స్పందన మెరుగవుతుంది, దానికి కొంచెం ప్రాసెసర్ సమయం ఖర్చవుతుంది. అయితే ఇప్పటి కెర్నెళ్లలో సూక్ష్మమైన సమయాలకు వేరే హై రిజల్యూషన్ టైమర్లు ఉన్నాయి. కోర్ ఖాళీగా ఉన్నప్పుడు టైమర్ కొట్టే ఆ టిక్ కూడా ఆగిపోతుంది. కాబట్టి ఈ సంఖ్యకు ఒకప్పుడున్నంత విలువ ఇప్పుడు లేదు.

మొదటి అడుగు: ఇప్పుడు ఏం నడుస్తోందో చూడండి

టెర్మినల్ తెరిచి యునేమ్, ఒక ఖాళీ, హైఫన్ ఆర్ అని కొట్టండి. వచ్చిన వరస చివర్లో జనరిక్ అనో, లోలేటెన్సీ (తక్కువ ఆలస్యం కోసం సరిచేసినది) అనో, ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్‌ది) అనో ఉంటుంది. డెబియన్‌లో అయితే ఏఎండీ64 అని, లేదా దానికి ముందు క్లౌడ్, ఆర్‌టీ (రియల్‌టైమ్) అని కనిపిస్తుంది. ముందున్న 6.8, 6.12 లాంటివి కెర్నెల్ వెర్షన్ నంబర్లు.

తర్వాత అదే కమాండ్‌ని హైఫన్ వి తో ఇవ్వండి. అందులో ప్రియెంప్ట్ డైనమిక్ అని ఉందా చూడండి. అది ఉంటే మీ చేతిలో మంచి సదుపాయం ఉన్నట్టే. ఎందుకో నాలుగో అడుగులో చెబుతాను. టైమర్ సంఖ్య కావాలంటే స్లాష్ బూట్ ఫోల్డర్‌లో కాన్ఫిగ్ అనే మాటతో మొదలయ్యే ఫైల్ ఉంటుంది. అందులో కాన్ఫిగ్ అండర్‌స్కోర్ హెచ్‌జడ్ అనే వరస వెతకండి. ఎవరో ఫలానా డిస్ట్రోలో ఇంత ఉంటుందని చెప్పినదాన్ని నమ్మడం కంటే ఈ ఫైల్ చూడటం మేలు. డిస్ట్రోలు ఈ విలువను వెర్షన్‌కీ వెర్షన్‌కీ మారుస్తుంటాయి.

మీకు వచ్చిన ఫలితాలను ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. తర్వాత ఏదైనా తేడా చేస్తే ఎక్కడి నుంచి బయల్దేరామో తెలియాలి.

రెండో అడుగు: కెర్నెల్ నిజంగా దోషా?

ఈ అడుగును దాటేసి నేరుగా కెర్నెల్ మార్చేవాళ్లే ఎక్కువ. దయచేసి మీరు అలా చేయకండి. మెషీన్ నెమ్మదిగా ఉందంటే కారణం చాలాసార్లు మెమరీ నిండిపోవడం, లేదా పాత హార్డ్ డిస్క్.

దీన్ని తేల్చడానికి కెర్నెల్‌లోనే ఒక చక్కని కొలమానం ఉంది. 2018 చివర్లో వచ్చిన 4.20 వెర్షన్ నుంచి స్లాష్ ప్రాక్ లోపల ప్రెషర్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో సీపీయూ, ఐఓ (డిస్క్ రాతకోతలు), మెమరీ అనే మూడు ఫైళ్లు చూడాలి. క్యాట్ కమాండ్‌తో ఒక్కొక్కటే తెరవండి. సమ్ (ఇంగ్లిష్‌లో కొన్ని అనే మాట) అనే వరసలో ఏవీజీ10 పక్కన ఒక సంఖ్య ఉంటుంది. గత పది సెకన్లలో ఎంత శాతం సమయం ఏదో ఒక పని ఆ వనరు కోసం ఎదురుచూస్తూ నిలబడిందో ఆ సంఖ్య చెబుతుంది. మెషీన్ ఇబ్బంది పెడుతున్న సమయంలోనే చూడాలి, ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే అన్నీ సున్నాలే వస్తాయి. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్, ఆల్మా లాంటి డిస్ట్రోల్లో ఇది మామూలుగా ఆపేసి ఉంటుంది. బూట్ లైన్‌లో (అదెక్కడుంటుందో నాలుగో అడుగులో చెబుతాను) పీఎస్ఐ ఈక్వల్స్ 1 అని చేరిస్తే పనిచేస్తుంది.

మెమరీ సంఖ్య పెద్దగా ఉంటే ర్యామ్ కొనండి. ఐఓ సంఖ్య పెద్దగా ఉండి, లోపల తిరిగే హార్డ్ డిస్క్ ఉంటే ఎస్ఎస్‌డీ వేయించండి. ఈ రెండూ చేసే మేలు ముందు ఏ కెర్నెల్ మార్పూ నిలవదు. ఆ ఖర్చు పెట్టగలిగిన చోట కెర్నెల్‌తో కుస్తీ పడటం వృథా. మూడూ తక్కువగానే ఉన్నా ఆడియో తెగుతోంది, లేదా కంట్రోల్ సిగ్నల్ ఆలస్యమవుతోంది అంటే మాత్రం, అప్పుడు కెర్నెల్ వైపు చూడాలి.

మూడో అడుగు: పనిని బట్టి విభజించండి

ఇంటి కంప్యూటర్, స్టూడెంట్ లాప్‌టాప్, ఆఫీసు డెస్క్. మామూలు కెర్నెల్. ఇక్కడ ఇంకేం ఆలోచించనక్కర్లేదు. 2025 అక్టోబరు 14న విశాఖలో గూగుల్ ఏఐ హబ్ ప్రకటన వచ్చాక డేటా సెంటర్ ఉద్యోగాలకు తయారవ్వాలనుకునే పిల్లలు పెరిగారు. నేర్చుకోవడానికి లాప్‌టాప్‌లో సర్వర్ కెర్నెల్ కావాలా అని అడుగుతుంటారు. అవసరం లేదమ్మా. ఉన్న లాప్‌టాప్‌లోనే కేవీఎం అనే లినక్స్ సదుపాయంతో ఒక వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ లాంటిది) పెట్టి, అందులో ఉబుంటు సర్వర్‌నో ఆల్మాలినక్స్‌నో వేసుకోండి. పాడైతే పారేసి మళ్లీ పెట్టుకోవచ్చు. నేర్చుకునేవాళ్లకు ఆ స్వేచ్ఛే ముఖ్యం.

షాపు బిల్లింగ్ మెషీన్, ఫైల్ స్టోరేజీ, సీసీటీవీ రికార్డింగ్. ఇక్కడా మామూలు కెర్నెలే. కాకపోతే ఏ వయసు కెర్నెల్ అన్నది ముఖ్యం. నా దృష్టిలో సర్వర్‌కీ డెస్క్‌టాప్‌కీ ఈనాడు మిగిలిన అసలు తేడా ఇదే.

ఉబుంటు ఎల్‌టీఎస్ (ఏళ్ల తరబడి సవరణలు అందే) వెర్షన్లలో రెండు దారులు ఉంటాయి. ఒకటి జీఏ. విడుదలైన రోజున ఉన్న కెర్నెల్ వెర్షనే చివరిదాకా ఉంటుంది, భద్రతా సవరణలు మాత్రం వస్తూ ఉంటాయి. 24.04కి ఆ వెర్షన్ 6.8. రెండోది హెచ్‌డబ్ల్యూఈ. కొత్త హార్డ్‌వేర్ కోసం సుమారు ఆరు నెలలకోసారి కొత్త కెర్నెల్‌కి జరుగుతూ, తర్వాతి ఎల్‌టీఎస్ కెర్నెల్ దాకా వచ్చి అక్కడ ఆగుతుంది. సర్వర్ ఎడిషన్ మామూలుగా జీఏ వేస్తుంది, డెస్క్‌టాప్ ఎడిషన్ హెచ్‌డబ్ల్యూఈ దారిలో నడుస్తుంది.

కొత్తగా కొన్న లాప్‌టాప్‌లో వైఫై కనబడటం లేదా? హెచ్‌డబ్ల్యూఈ వేయండి, చాలాసార్లు సమస్య అక్కడితో పోతుంది. షాపు మెషీన్‌కి మాత్రం జీఏలోనే ఉండండి. ఎందుకంటే వేలిముద్ర పరికరం, పాత ప్రింటర్, సీసీటీవీ కార్డు లాంటివాటికి కంపెనీ విడిగా ఇచ్చిన డ్రైవర్లు కెర్నెల్ వెర్షన్ మారినప్పుడల్లా తిరిగి కంపైల్ కావాలి. కాకపోతే సోమవారం పొద్దున షట్టర్ ఎత్తేసరికి ఆ పరికరం పనిచేయదు. వెర్షన్ నిలకడగా ఉంటే ఆ టెన్షన్ ఉండదు. నంబర్ పాతదని కంగారు పడకండి. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9 మొత్తం 5.14 మీదే నడుస్తుంది, అవసరమైన సవరణలన్నీ దానిలోకే వెనక్కి తెచ్చి కలుపుతారు.

క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న మెషీన్. అమెజాన్, అజూర్, గూగుల్ క్లౌడ్ ఇమేజ్‌లలో ఆయా చోట్లకు సరిచేసిన కెర్నెల్ ఉబుంటే పెట్టి ఇస్తుంది. దాన్ని కదిలించకండి. డెబియన్‌లో క్లౌడ్ రకం కెర్నెల్ ఒకటి ఉంది. మామూలు కంప్యూటర్లలోని పరికరాల డ్రైవర్లు తీసేసి చిన్నదిగా చేసినది. వర్చువల్ మెషీన్‌కి బాగుంటుంది. దాన్ని మీ ఇంట్లో బల్ల మీదున్న కంప్యూటర్‌లో వేస్తే మాత్రం నెట్‌వర్క్ కార్డో ఇంకేదో కనబడకుండా పోవచ్చు.

ఇక సంగీతం. ఉత్తరాంధ్ర తప్పెటగుళ్ల బృందాన్ని ఇంట్లోని చిన్న గదిలో రికార్డు చేయాలనుకోండి. ముందు తప్పెట వాయించి, అది హెడ్‌ఫోన్‌లో వింటూ మీద గొంతు రికార్డు చేస్తారు. పాడినది చెవికి చేరడంలో ఆలస్యం ఉంటే గాయకుడు తాళం తప్పుతాడు. బఫర్ అంటే ధ్వనిని ఒక్కో విడతకు పోగుచేసే జాగా. 48,000 హెర్ట్జ్ శాంప్లింగ్‌లో 256 ఫ్రేముల బఫర్ పెడితే ఒక్కో విడతకు సుమారు 5.3 మిల్లీసెకన్లు, 128 పెడితే దాదాపు 2.7. బఫర్ తగ్గించే కొద్దీ కెర్నెల్ అంత తొందరగా స్పందించాలి, లేకపోతే ధ్వనిలో టిక్కుమని చీలికలు వస్తాయి. వాటిని ఎక్స్‌రన్‌లు అంటారు. లోలేటెన్సీ అమరిక అసలు అక్కరకొచ్చేది ఇలాంటి చోట.

కానీ ఇక్కడ కూడా వరస ఉంది. ముందు మీ యూజర్‌ని ఆడియో గ్రూపులో చేర్చి, రియల్‌టైమ్ ప్రాధాన్యానికీ మెమరీ లాక్‌కీ అనుమతి ఉందో లేదో చూసుకోండి. ఆ అనుమతి లేకపోతే ఎంత మంచి కెర్నెల్ వేసినా ఆర్డర్, జాక్ లాంటి ఆడియో ప్రోగ్రాములు మామూలు పనుల క్యూలోనే నిలబడతాయి. తర్వాత ప్రాసెసర్ గవర్నర్‌ని (దాని వేగాన్ని నియంత్రించే అమరికను) పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి. వైఫై ఆపి చూడండి, కొన్ని వైఫై డ్రైవర్లు ఆడియోను గట్టిగానే దెబ్బతీస్తాయి. బూట్ లైన్‌లో థ్రెడ్ఐఆర్‌క్యూస్ అనే మాట చేర్చి చూడండి. ఇవన్నీ చేశాక కూడా 128 దగ్గర చీలికలు వస్తుంటేనే వేరే కెర్నెల్ సంగతి.

చివరిది యంత్రాల నియంత్రణ. ఆటోనగర్‌లో పాత మిల్లింగ్ మెషీన్‌కి లినక్స్‌సీఎన్‌సీ (యంత్రాలను కంప్యూటర్‌తో నడిపే ప్రోగ్రాం) పెట్టి నడపాలనుకుంటే మీకు కావలసింది రియల్‌టైమ్ కెర్నెల్. పాట రికార్డింగ్‌లో ఒక టిక్కు వినబడితే మళ్లీ వాయించుకోవచ్చు. తిరుగుతున్న కటర్ ఆలస్యమైతే సరుకు పాడవుతుంది, మనిషికీ ప్రమాదమే. ఇక్కడ సగటు వేగంతో పని లేదు, అతి చెత్త సందర్భంలో ఎంత ఆలస్యమవుతుందో అదే లెక్క. రియల్‌టైమ్ ప్యాచ్‌లు ఏళ్ల తరబడి బయటే ఉండి, 2024 నవంబరులో విడుదలైన 6.12తో అసలు కెర్నెల్‌లోకి వచ్చాయి. లినక్స్‌సీఎన్‌సీ వాళ్లు ఇచ్చే ఇన్‌స్టాల్ ఇమేజ్ వాడితే ఆ కెర్నెల్ అందులోనే ఉంటుంది, మొదటిసారి పెట్టేవాళ్లకు అదే సులువు. ఎన్విడియా సొంత డ్రైవర్ రియల్‌టైమ్ కెర్నెల్ మీద పనిచేస్తుందన్న హామీ లేదు. అలాంటి మెషీన్‌కి ఇంటెల్ అంతర్గత గ్రాఫిక్స్ చాలు.

నాలుగో అడుగు: కెర్నెల్ మార్చే ముందు ఉన్నదాన్నే తిప్పి చూడండి

ప్రియెంప్ట్ డైనమిక్ గురించి చెప్పాను కదా. 2021లో వచ్చిన 5.12 నుంచి ఒకే కెర్నెల్‌ని బూట్ సమయంలో సర్వర్ స్వభావంలోకి గానీ డెస్క్‌టాప్ స్వభావంలోకి గానీ మార్చవచ్చు. రెండు కెర్నెళ్లు ఎందుకు అవసరం లేకుండా పోయాయో ఇది చూస్తే తెలుస్తుంది.

చేసే పద్ధతి ఇది. గ్రబ్ అంటే మెషీన్ ఆన్ చేయగానే కెర్నెల్‌ని ఎక్కించే ప్రోగ్రాం. స్లాష్ ఈటీసీ, స్లాష్ డీఫాల్ట్, స్లాష్ గ్రబ్ అనే ఫైల్‌ని సుడో (అడ్మిన్) హక్కులతో తెరవండి. అందులో గ్రబ్ సీఎండీలైన్ లినక్స్ డీఫాల్ట్ అనే వరస ఉంటుంది. నేను బూట్ లైన్ అంటున్నది దీన్నే. కొటేషన్ల లోపల, ఉన్న మాటల తర్వాత ఒక ఖాళీ వదిలి ప్రియెంప్ట్ ఈక్వల్స్ ఫుల్ అని రాయండి. ఫుల్ అంటే చిన్న బేరాలకు పూర్తి ప్రాధాన్యం. వాలంటరీ అంటే మధ్యస్థం. నన్ అంటే పాత సర్వర్ పద్ధతి. 6.13 నుంచి లేజీ అనే మరో రకం కూడా వచ్చింది. రాశాక ఉబుంటు, డెబియన్‌లలో సుడో అప్‌డేట్ హైఫన్ గ్రబ్ కొట్టి రీబూట్ చేయండి.

రీబూట్ కూడా అక్కర్లేకుండా అప్పటికప్పుడు మార్చి చూడాలంటే, రూట్ యూజర్‌గా స్లాష్ సిస్, స్లాష్ కెర్నెల్, స్లాష్ డీబగ్, స్లాష్ షెడ్ లోపల ప్రియెంప్ట్ అనే ఫైల్‌ని చదవండి. ఇప్పుడున్న పద్ధతి కుండలీకరణాల్లో కనిపిస్తుంది. కావలసిన మాటను ఎకోతో అందులోకి పంపితే పద్ధతి వెంటనే మారుతుంది. ఒక పక్క పెద్ద ఫైల్ కాపీ నడుపుతూ, ఇంకో పక్క మీ అసలు పని చేస్తూ నన్, ఫుల్ మార్చి మార్చి చూడండి. నాలుగు కోర్లకు పైగా ఉండి, పని తక్కువున్న ఇంటి మెషీన్‌లో ఈ మార్పు చాలామందికి తెలియనే తెలియదు. తెలియకపోతే ఇక్కడితో ఆగిపోవచ్చు, వేరే కెర్నెల్ మీకు అవసరం లేదని తేలినట్టే.

డిస్క్ షెడ్యూలర్‌ని కూడా కెర్నెల్ మార్చకుండానే మార్చుకోవచ్చు. స్లాష్ సిస్, స్లాష్ బ్లాక్ లోపల మీ డిస్క్ పేరు, దానిలో క్యూ, దానిలో షెడ్యూలర్ అనే ఫైల్. ఎన్‌వీఎంఈకి నన్, మామూలు సాటా డిస్కుకి ఎంక్యూ డెడ్‌లైన్ ఉంటే కదపనక్కర్లేదు. తిరిగే హార్డ్ డిస్క్ ఉన్న డెస్క్‌టాప్‌లో కాపీ నడుస్తుంటే బ్రౌజర్ హ్యాంగ్ అయినట్టు అనిపిస్తే బీఎఫ్‌క్యూ అనే షెడ్యూలర్ పెట్టి చూడండి.

రెడ్ హ్యాట్, ఫెడోరా, ఆల్మా వాడేవాళ్లకు ట్యూన్డ్ అనే సర్వీస్ ఉంది. ట్యూన్డ్ హైఫన్ ఏడీఎం ప్రొఫైల్ అని కొట్టి త్రూపుట్ పెర్ఫార్మెన్స్, వర్చువల్ గెస్ట్, లేటెన్సీ పెర్ఫార్మెన్స్, డెస్క్‌టాప్ వీటిలో ఒకటి ఇస్తే చాలు. సర్వర్, డెస్క్‌టాప్ అనే ఆలోచన ఈ రోజున కెర్నెల్ ప్యాకేజీలోంచి ఇలాంటి ప్రొఫైళ్లలోకి వచ్చేసింది.

ఐదో అడుగు: మార్చాల్సి వస్తే, పాతదాన్ని ఉంచే మార్చండి

కొత్త కెర్నెల్ వేయడం ఆప్ట్ ఇన్‌స్టాల్‌తో ఒక్క వరస పని. ఉబుంటులో లినక్స్ హైఫన్ లోలేటెన్సీ, లేదా లినక్స్ హైఫన్ జనరిక్ హైఫన్ హెచ్‌డబ్ల్యూఈ హైఫన్ 24.04. డెబియన్‌లో లినక్స్ హైఫన్ ఇమేజ్ హైఫన్ ఆర్‌టీ హైఫన్ ఏఎండీ64. ఉబుంటు రియల్‌టైమ్ కెర్నెల్ కావాలంటే ఉబుంటు ప్రో ఖాతా కావాలి. సొంత వాడకానికి ఐదు మెషీన్ల వరకు అది ఉచితం.

వేసే ముందు డీఎఫ్ హైఫన్ హెచ్ కొట్టి బూట్ పార్టిషన్‌లో జాగా చూడండి. డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి ఇన్‌స్టాల్ చేసినవాళ్లకు బూట్ విడిగా, చిన్నదిగా ఉంటుంది. అది నిండిపోతే ఇన్‌స్టాల్ మధ్యలో ఆగుతుంది. పాత కెర్నెళ్లను ఆప్ట్ ఆటోరిమూవ్‌తో తీసేయండి, ఇప్పుడు నడుస్తున్నదాన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీయకండి.

రీబూట్ చేసేటప్పుడు గ్రబ్ మెనూ రాకపోతే ఎస్కేప్ గానీ షిఫ్ట్ గానీ నొక్కండి. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ లోపల ఉన్న కెర్నెళ్లన్నీ వరసగా కనిపిస్తాయి. కొత్తది బూట్ కాకపోతే పాతదాన్ని అక్కడి నుంచే ఎంచుకోండి. బయటి వ్యక్తులు తయారుచేసిన కెర్నెళ్లు వేస్తే సెక్యూర్ బూట్ (సంతకం లేని కెర్నెల్‌ని ఆపే రక్షణ) అడ్డుపడవచ్చు. డిస్ట్రో ఇచ్చేవాటికి సంతకం ఉంటుంది, ఆ బాధ లేదు. షాపు మెషీన్‌కి బయటి కెర్నెల్ వద్దని గట్టిగా చెబుతాను. భద్రతా సవరణలు ఎప్పుడొస్తాయో మీ చేతిలో ఉండదు.

మెషీన్ ఎదురుగా లేనప్పుడు ఇంకాస్త జాగ్రత్త కావాలి. మీరు మధురవాడలో ఉన్నారు, మెషీన్ గాజువాక షాపులో ఉంది, ఎస్ఎస్‌హెచ్‌తో దూరం నుంచే పని చేస్తున్నారు. అప్పుడు గ్రబ్ ఫైల్‌లో గ్రబ్ డీఫాల్ట్ విలువను సేవ్డ్ అని పెట్టి, అప్‌డేట్ గ్రబ్ చేసి, గ్రబ్ హైఫన్ సెట్ హైఫన్ డీఫాల్ట్‌తో పాత కెర్నెల్‌ని ఖాయం చేయండి. తర్వాత గ్రబ్ హైఫన్ రీబూట్ అనే కమాండ్‌తో కొత్త కెర్నెల్ పేరు ఇచ్చి రీబూట్ చేయండి. అది ఒక్కసారికే కొత్తదాన్ని వాడుతుంది. కొత్తది వేలాడిపోతే, షాపులో ఉన్న అబ్బాయికి ఫోన్ చేసి పవర్ బటన్ నొక్కి పట్టుకోమంటే చాలు, తర్వాతి బూట్‌లో పాతదే వస్తుంది. బూట్ ఫోల్డర్ ఎల్‌వీఎం (డిస్క్ జాగాను పంచే ఒక పద్ధతి) మీద ఉంటే మాత్రం గ్రబ్ ఆ గుర్తును చెరపలేదు, ప్రతిసారీ కొత్తదానికే వెళుతుంది. అక్కడ ఈ పద్ధతి వాడకండి. బూట్ లైన్‌లో ప్యానిక్ ఈక్వల్స్ 30 అని చేర్చితే, కెర్నెల్ కుప్పకూలినా 30 సెకన్ల తర్వాత తనే రీబూట్ అవుతుంది.

విశాఖలో ఉన్నవాళ్లు సమయం కూడా చూసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక నగరంలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం మాట వినిపిస్తుంటే షాపు సర్వర్‌లో కెర్నెల్ మార్పులు పెట్టుకోకండి. కరెంటు వచ్చీ పోయీ మెషీన్ పదేపదే రీబూట్ అవుతుంటే కొత్త కెర్నెల్ తప్పా, కరెంటు తప్పా అని తేల్చడం కష్టం. బయోస్‌లో కరెంటు తిరిగి వచ్చినప్పుడు మెషీన్ దానంతట అదే ఆన్ అయ్యే సెట్టింగ్ పెట్టండి. యూపీఎస్ తప్పనిసరి. రాసిన డేటాను కెర్నెల్ కొంతసేపు మెమరీలోనే ఉంచి తర్వాత డిస్కుకి పంపుతుంది. మామూలు అమరికలో అది సుమారు 30 సెకన్ల దాకా ఉండొచ్చు. ఈ విషయంలో సర్వర్ పేరున్న కెర్నెల్ అయినా, డెస్క్‌టాప్ పేరున్న కెర్నెల్ అయినా కరెంటు పోతే నష్టం ఒకటే.

ఆరో అడుగు: ఫలితాన్ని మీ పనితోనే కొలవండి

రియల్‌టైమ్ అవసరాలకు ఆర్‌టీ హైఫన్ టెస్ట్స్ ప్యాకేజీలోని సైక్లిక్ టెస్ట్ వాడండి. మెషీన్ ఖాళీగా ఉన్నప్పుడు వచ్చే అంకెలకు విలువ లేదు. స్ట్రెస్ ఎన్‌జీతో లోడ్ పెట్టి, గంటల తరబడి నడిపి, మాక్స్ కాలమ్ చూడండి. లినక్స్‌సీఎన్‌సీలో దానికే లేటెన్సీ టెస్ట్ అనే ప్రోగ్రాం ఉంది. ఆడియోకి మీ అసలు పాట ప్రాజెక్టే తెరిచి ఎక్స్‌రన్‌లు లెక్కపెట్టండి. బిల్లింగ్ మెషీన్‌కి నెలాఖరు రిపోర్టు ఎంతసేపట్లో వస్తుందో పాత కెర్నెల్ మీదా కొత్త కెర్నెల్ మీదా చూడండి. ఒక్కో కెర్నెల్ మీద ఒకసారి చూసి వదిలేయకుండా తిప్పి తిప్పి చూడాలి. రెండోసారి ఫైళ్లు మెమరీలో ఉండటం వల్ల త్వరగా రావడం మామూలే.

వదిలేయాల్సిన పాత సలహాలు

సర్వర్ కెర్నెల్ వేస్తే 4 జీబీ కంటే ఎక్కువ ర్యామ్ కనిపిస్తుందన్న మాట 32 బిట్ రోజులది. అప్పట్లో పీఏఈ అనే సదుపాయం సర్వర్ రకంలో ఉండేది. మీది 64 బిట్ కెర్నెల్ అయితే ఈ సమస్యే లేదు. యునేమ్ హైఫన్ ఎం కొడితే ఎక్స్86 అండర్‌స్కోర్ 64 అని వస్తుంది, అంతే చాలు.

సర్వర్ కెర్నెల్‌కి భద్రత ఎక్కువ అన్నదీ వినిపిస్తుంది. ఉబుంటులో రెండు ఎడిషన్లకూ ఒకే సవరణలు వస్తాయి. తేడా తెచ్చేది మీరు అప్‌డేట్ చేసి, తర్వాత రీబూట్ చేస్తున్నారా లేదా అన్నది. కొత్త కెర్నెల్ ఇన్‌స్టాల్ అయినా రీబూట్ చేసేదాకా నడిచేది పాతదే. నెలల తరబడి ఆపకుండా నడుస్తోందని సంతోషించే మెషీన్‌లో అన్ని నెలల పాత లోపాలూ తెరిచే ఉన్నట్టు. షాపుకి సెలవున్న రోజు ఒకటి చూసుకుని, నెలకోసారి అప్‌డేట్ చేసి రీబూట్ పెట్టుకోండి. రీబూట్ అయ్యాక యునేమ్ హైఫన్ ఆర్ మళ్లీ కొట్టి, మొదటి అడుగులో రాసుకున్న కాగితం మీద కొత్త నంబర్, తేదీ చేర్చండి.